ఎఫ్-1 మీద ఓపీటీ ఉద్యోగం: 1040 వేయాలా, 1040-ఎన్ఆర్ వేయాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. 2023 ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎంఎస్ కోసం టెక్సాస్ వచ్చారు. 2023, 2024లలో ఆదాయం లేదు కాబట్టి ఏ ఫారమూ వేయలేదు. 2025 మొదట్లో క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేశారు. జులై నుంచి ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థి తన చదువుకు సంబంధించిన ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి) మీద టెక్సాస్‌లోనే ఉద్యోగం. చేతిలో రెండు డబ్ల్యూ-2లు (జీతం, అందులో కోసిన పన్ను చూపే పత్రాలు), యూనివర్సిటీ పంపిన 1098-టీ (ఫీజుల పత్రం), షేర్లు అమ్మినందుకు వచ్చిన 1099-బీ ఉన్నాయి. మీలాగే 2023లో వచ్చిన రూమ్మేట్ ఫోనులో ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి అరగంటలో ఫైల్ చేశాడు, చదువు ఖర్చుల కింద 1,000 డాలర్లు అదనంగా వచ్చాయి. మీరూ అలాగే చేయవచ్చా అని అడిగారు.

చేయకూడదు. అతను వేసింది 1040, అది అమెరికా పౌరులు, రెసిడెంట్లు వేసే పన్ను రిటర్న్. మీరిద్దరూ వేయాల్సింది 1040-ఎన్ఆర్, అది నాన్‌రెసిడెంట్లది. యూనివర్సిటీలో ఉచిత టాక్స్ సహాయ శిబిరంలో చాలా ఏళ్లుగా వాలంటీరుగా కూర్చుంటున్నాను. మన పిల్లల రిటర్నుల్లో నేను చూసే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క దగ్గరే మొదలవుతాయి. ఫారం ఏదో తేలకముందే డబ్ల్యూ-2 అంకెలు ఎక్కించడం మొదలుపెడతారు. తొలి అడుగు తప్పితే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా నింపినా మొత్తం రిటర్న్ తప్పే.

ఇమిగ్రేషన్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. పన్ను చట్టానికి విదేశీయులు రెండు రకాలు: రెసిడెంట్, నాన్‌రెసిడెంట్. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఏ రకమో తేల్చేది రోజుల లెక్క. ఆ ఏడాది కనీసం 31 రోజులు అమెరికాలో ఉండి, ఆ ఏడాది రోజులన్నీ, అంతకుముందు ఏడాది రోజుల్లో మూడో వంతు, దానికి ముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 వచ్చిందంటే రెసిడెంట్. మామూలుగా అయితే 2024లోనే మీరు ఆ గీత దాటేవారు. కానీ ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థికి ఐదు క్యాలెండర్ సంవత్సరాల పాటు ఆ రోజులు లెక్కలోకి రావు. ఇది రోజుల లెక్క నుంచి మినహాయింపే తప్ప పన్ను నుంచి కాదు. ఐదేళ్లు టాక్స్ కట్టనక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

క్యాలెండర్ సంవత్సరం అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఏడాదిలో ఒక్క రోజు ఎఫ్-1 మీద ఇక్కడున్నా ఆ సంవత్సరం పూర్తిగా ఖర్చయినట్టే. జనవరి సెమిస్టర్ కోసం డిసెంబరు చివరి వారంలో దిగిన విద్యార్థికి ఆ నాలుగు రోజులతోనే ఐదింటిలో ఒకటి పోతుంది. మీ విషయంలో 2023, 2024, 2025, 2026, 2027 నాన్‌రెసిడెంట్ సంవత్సరాలు. ఓపీటీ, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీలవాళ్లకు దొరికే స్టెమ్ పొడిగింపు కూడా ఎఫ్-1 స్టేటస్‌లోనే కాబట్టి ఈ లెక్క మారదు. ఈ ఐదేళ్లు వరుసగా ఉండాలని కూడా లేదు, జీవితం మొత్తానికి కలిపి చూస్తారు. 2019 నుంచి 2021 దాకా ఎంఎస్ చేసి ఇండియా వెళ్లిపోయి, 2024లో పీహెచ్‌డీకి తిరిగి వచ్చిన వ్యక్తికి 2025తోనే ఐదూ అయిపోతాయి. అలాంటివాళ్లు కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) చూసుకుని మళ్లీ మొదటి ఏడాది అనుకుంటారు. అది పొరపాటు.

ఇప్పుడు మీరు వదిలేసిన రెండేళ్ల సంగతి. ఆదాయం లేకపోయినా ఎఫ్-1 మీద ఉన్న నాన్‌రెసిడెంట్ ప్రతి ఏడాదీ ఫారం 8843 పంపాలి. అది పన్ను రిటర్న్ కాదు. నేను విద్యార్థిని, నా రోజులు లెక్కించవద్దు అని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు ఇచ్చే ప్రకటన. అందులో మీరు నింపాల్సింది మొదటి భాగం, విద్యార్థులకు ఉద్దేశించిన మూడో భాగం: యూనివర్సిటీ పేరు, చిరునామా, ఫోను నంబరు, మీ కోర్సు డైరెక్టరు లేదా ఇంటర్నేషనల్ ఆఫీసు బాధ్యుల వివరాలు, గత ఏళ్లలో ఏ వీసా మీద ఉన్నారన్నది. ఓపీటీలో ఉన్నా అక్కడ రాయాల్సింది కంపెనీ పేరు కాదు, మీ యూనివర్సిటీ పేరే. ఆదాయం లేని ఏడాదికి ఎస్ఎస్ఎన్, ఐటిన్ అనే గుర్తింపు నంబర్లు లేకపోయినా ఫర్వాలేదు, ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు. విడిగా పంపే 8843ను సంతకం చేసి, ముద్రించిన కాగితంగా టెక్సాస్‌లోని ఆస్టిన్ ఐఆర్ఎస్ కేంద్రానికి పోస్టులో పంపాలి. దాని గడువు జూన్ 15. మీ 2023, 2024 ఫారాలు ఇప్పుడు ఆలస్యమే, అయినా పంపండి. ఏ ఏడాది ఫారం ఆ ఏడాదిదే వాడి, రెండూ వేర్వేరు కవర్లలో పంపితే అవతల కలిసిపోకుండా ఉంటాయి. విద్యార్థి ఆలస్యంగా పంపినందుకు డబ్బు జరిమానా ఏమీ లేదు. రేపు ఎవరైనా మీ ఐదేళ్ల లెక్క అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. భార్యాపిల్లలు ఎఫ్-2 మీద ఉంటే వాళ్లకూ ఒక్కొక్కరికి ఒక్కో 8843 కావాలి, చంటిబిడ్డకైనా సరే.

2025కు మీకు జీతం ఉంది కాబట్టి 1040-ఎన్ఆర్ వేసి, దానికి 8843 జతచేయాలి. గడువు 2026 ఏప్రిల్ 15. సమయం సరిపోకపోతే ఫారం 4868 వేస్తే అక్టోబరు 15 దాకా వాయిదా దొరుకుతుంది, కానీ అది ఫారానికే. కట్టాల్సిన పన్ను ఏమైనా ఉంటే ఏప్రిల్ 15కే కట్టాలి.

ఇక మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులకు ఉన్న ఒక పెద్ద సౌకర్యం. మామూలుగా నాన్‌రెసిడెంట్‌కు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం, ఉండదు. చైనా, నేపాల్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మీ క్లాస్‌మేట్లకు అది లేదు. భారత విద్యార్థులకు మాత్రం ఉంది. 1989లో సంతకమైన భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం రెండో పేరా ప్రకారం, చదువు కోసం వచ్చిన భారతీయుడికి ఇక్కడి రెసిడెంట్లకు ఇచ్చే మినహాయింపులు, తగ్గింపులు వర్తిస్తాయి. 2025కు ఒంటరి వ్యక్తికి అది 15,750 డాలర్లు. 1040-ఎన్ఆర్‌లో తగ్గింపు రాసే వరుసలో ఆ అంకె వేసి, పక్కనే ఇది భారత్-అమెరికా ఒప్పందం కింద తీసుకున్న స్టాండర్డ్ డిడక్షన్ అని ఇంగ్లిషులో రాయాలి. ఫారం సూచనల్లో భారత విద్యార్థుల కోసమే ఒక వర్క్‌షీటు ఉంది, రాయాల్సిన వాక్యం కూడా అక్కడే దొరుకుతుంది.

మీ అంకెలతోనే చూద్దాం. క్యాంపస్ పని 4,800, ఉద్యోగం 42,000, మొత్తం 46,800 డాలర్లు. డిడక్షన్ తీసేస్తే 31,050. దాని మీద ఫెడరల్ పన్ను సుమారు 3,490 డాలర్లు. డిడక్షన్ వదిలేసి ఉంటే 5,380 దాకా అయ్యేది. ఆ ఒక్క వరుస విలువ మీకు దాదాపు 1,890 డాలర్లు. మీ రెండు డబ్ల్యూ-2లలో రెండో పెట్టె (కోసిన ఫెడరల్ పన్ను) మొత్తాలు కలపండి. ఆ కూడిక 3,490 కంటే ఎంత ఎక్కువుంటే అంత మీ రిఫండ్, షేర్ల మీద పడే పన్ను మాత్రం అందులోంచి పోతుంది. ఒప్పందం సంగతి తెలియని టాక్స్ ప్రిపేరర్లు ఈ డిడక్షన్ వదిలేసి ఫైల్ చేసిన రిటర్నులు నా ముందుకు వస్తూనే ఉన్నాయి. పాత ఏళ్లవైనా ఫైల్ చేసిన తేదీ నుంచి మూడేళ్ల లోపు సవరించి ఆ డబ్బు తెచ్చుకోవచ్చు.

పెళ్లయిన విద్యార్థులు ఒక్క మాట గుర్తుంచుకోండి. నాన్‌రెసిడెంట్లు జాయింట్ రిటర్న్ వేయడానికి లేదు. సాధారణంగా విడివిడిగా ఫైల్ చేసే వివాహితుల గడి ఎంచుకోవాలి. భార్య ఇండియాలో ఉంది కదా అని సింగిల్ అని పెట్టేవాళ్లున్నారు. అలా చేయకండి.

రూమ్మేట్‌కు వచ్చిన ఆ 1,000 డాలర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన విద్యార్థులను ఎక్కువగా ఆకర్షించేదీ, ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ అదే. 1098-టీ యూనివర్సిటీ చాలామందికి పంపుతుంది. అది చేతికి రాగానే చదువు క్రెడిట్ (చదువు ఖర్చులకు పన్నులోంచి ఇచ్చే తగ్గింపు) మన హక్కు అనిపిస్తుంది. ఏడాదంతా నాన్‌రెసిడెంట్‌గా ఉన్న వ్యక్తికి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ గానీ, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ గానీ రాదు. అంతటితో ఆ చర్చ ముగిసిపోవాలి. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో తప్పు కూడా జరిగింది. తిరిగి చేతికొచ్చే 1,000 డాలర్ల భాగం ఉన్నది అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌లో. అది ఇంటర్మీడియట్ తర్వాతి మొదటి నాలుగేళ్ల చదువుకే. బీటెక్ పూర్తిచేసి ఎంఎస్‌కు వచ్చినవాడికి, అతను అమెరికా పౌరుడైనా సరే, అది వర్తించదు. అంటే ఆ డబ్బు రావాలంటే మీ రూమ్మేట్ రెండు ప్రశ్నలకు తప్పు జవాబు నొక్కి ఉండాలి: నువ్వు రెసిడెంట్‌వా అంటే అవునని, మొదటి నాలుగేళ్ల డిగ్రీ అయిపోయిందా అంటే లేదని. ఆ రిటర్న్ కింద అబద్ధమైతే శిక్షార్హుణ్ని అన్న ప్రకటన మీద సంతకం ఉంటుంది. నిర్లక్ష్యంగా ఈ క్రెడిట్ తీసుకున్నట్టు ఐఆర్ఎస్ తేలిస్తే డబ్బు వెనక్కి తీసుకోవడమే కాకుండా, రెండేళ్ల పాటు ఆ క్రెడిట్ మళ్లీ అడగకుండా నిషేధిస్తుంది. మోసమని తేలితే పదేళ్లు. రిఫండ్ ఖాతాలో పడింది కదా, ఒప్పుకున్నట్టే కదా అనుకోకూడదు. రిఫండ్ ముందు ఇచ్చేస్తారు, పరిశీలన ఎన్నో నెలల తర్వాత కూడా రావచ్చు. 2020, 2021లలో ఇలాగే 1040 వేసిన ఎందరో విద్యార్థుల ఖాతాల్లో కరోనా సాయం డబ్బు కూడా పడింది, తర్వాత దాన్ని తిరిగి పంపడానికి వాళ్లు పడిన యాతన మాకు బాగా తెలుసు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. నాకైతే అదే అన్నింటికన్నా ముఖ్యం. ఉద్యోగం డబ్ల్యూ-2లో 4వ పెట్టె, 6వ పెట్టె చూడండి. నాలుగోది సోషల్ సెక్యూరిటీ పన్ను, జీతంలో 6.2 శాతం. ఆరోది మెడికేర్, 1.45 శాతం. నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థి తనకు అనుమతి ఉన్న పని చేస్తే, సీపీటీ (కోర్సులో భాగంగా చేసే పని) అయినా ఓపీటీ అయినా, ఈ రెండూ కోయకూడదు. పన్ను చట్టంలో దీనికి విడిగా 3121 సెక్షన్‌లో బీ-19 అనే ఉపవిభాగం ఉంది. క్యాంపస్ డబ్ల్యూ-2లో ఆ పెట్టెలు సాధారణంగా ఖాళీగానే ఉంటాయి, యూనివర్సిటీ పేరోల్ (జీతాల) విభాగానికి నియమం తెలుసు. బయటి కంపెనీల్లో, ముఖ్యంగా చిన్నవాటిలో, అందరికీ కోసినట్టే మీకూ కోస్తారు. మీ 42,000 మీద అయితే 2,604, 609 కలిపి 3,213 డాలర్లు. రెండు నెలల అద్దె దాటిపోయే మొత్తం అది. అందులో ప్రతి డాలరూ మీదే.

అది తెచ్చుకునే పద్ధతి ఇది. ముందు కంపెనీ పేరోల్‌కు మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి: ఎఫ్-1 మీద ఓపీటీలో ఉన్నాను, పన్ను లెక్కకు నాన్‌రెసిడెంట్‌ను, ఈ సెక్షన్ ప్రకారం నాకు ఈ పన్నులు వర్తించవు, కోసినది తిరిగి ఇచ్చి సవరించిన డబ్ల్యూ-2 ఇవ్వండి అని. ఐఆర్ఎస్ పబ్లికేషన్ 519లో ఆ నియమం ఉన్న పేజీ జతచేయండి. కంపెనీకి కూడా ఇందులో లాభముంది, మీ తరఫున వాళ్లు కట్టిన సమాన వాటా వాళ్లకు తిరిగి వస్తుంది. ఆ మాట చెబితే కొన్నిసార్లు పని త్వరగా కదులుతుంది. వాళ్లు కుదరదంటే, లేదా జవాబే ఇవ్వకపోతే, అప్పుడు ఫారం 843, దానితో 8316 నింపి ఐఆర్ఎస్‌కు మీరే నేరుగా పంపాలి. డబ్ల్యూ-2, వీసా పేజీ, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), ఐ-20, ఓపీటీ కార్డు నకళ్లు పెట్టాలి. కంపెనీ తిరస్కరించిన మెయిల్ ఉంటే అదీ, లేకపోతే అడిగినా స్పందించలేదని మీరే రాసిన ఒక ప్రకటనా జతచేయాలి. ఇది 1040-ఎన్ఆర్‌తో కలిపి పంపేది కాదు, విడిగా కాగితాల మీద పోయేది. నెలల తరబడి పడుతుంది. ఓపిక పట్టినవాళ్లకు వచ్చిన సందర్భాలు చాలా చూశాను. ఈ ఏడాది పే స్టబ్‌లలో కూడా కోత కొనసాగుతుంటే ముందు దాన్ని ఆపించండి. నడుస్తున్న సంవత్సరంలో సరిచేయడం పేరోల్‌కు చాలా తేలిక.

అదే సందర్భంలో మీ డబ్ల్యూ-4 (జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే ఫారం) కూడా సరిచూసుకోండి. నాన్‌రెసిడెంట్ అందులో సింగిల్ అనే పెట్టాలి, పెళ్లయినా సరే. నాలుగో దశ కింద ఉన్న ఖాళీలో నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని ఇంగ్లిషులో రాయాలి. మామూలుగా నాన్‌రెసిడెంట్ల జీతంలో పన్ను లెక్కించేటప్పుడు కంపెనీ కొంత మొత్తం అదనంగా కలిపి లెక్క కడుతుంది, దానివల్ల కోత పెరుగుతుంది. భారత విద్యార్థులకు ఆ కలపడం అక్కర్లేదు, ఐఆర్ఎస్ తన నోటీసు 1392లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. దానికీ మూలం ఆ 21వ అధికరణమే.

షేర్ల విషయం మీకు నచ్చదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రోజుల లెక్క నుంచి విద్యార్థికి ఉన్న మినహాయింపు ఇక్కడ పనికిరాదు. ఏడాదిలో 183 రోజులు, అంతకు మించి నిజంగా అమెరికాలో ఉన్న నాన్‌రెసిడెంట్‌కు అమెరికా షేర్ల అమ్మకం మీద వచ్చిన నికర లాభంపై 30 శాతం పన్ను. స్టాండర్డ్ డిడక్షన్ దీన్ని తగ్గించదు, ఏడాదికి పైగా అట్టిపెట్టుకుంటే వచ్చే తక్కువ రేటూ వర్తించదు. 600 డాలర్లు లాభమొస్తే 180 డాలర్లు కట్టాలి. 1040-ఎన్ఆర్‌తో పెట్టే షెడ్యూల్ ఎన్ఈసీలో చూపించాలి. నష్టం వస్తే అదే ఏడాది లాభాల్లోంచి తీసివేయవచ్చు, తర్వాతి ఏడాదికి మోసుకుపోవడానికి లేదు. డివిడెండ్ మీద ఒప్పందం ప్రకారం 25 శాతం. బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో వచ్చిన వడ్డీకి మాత్రం నాన్‌రెసిడెంట్‌కు పన్ను లేదు. ఇంకొక పని: బ్రోకరు యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు చాలామంది డబ్ల్యూ-9 మీద సంతకం పెట్టేస్తారు, అది అమెరికా పన్ను రెసిడెంట్ ఇచ్చే పత్రం. మీరు ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోండి.

ఎడ్యుకేషన్ లోను ఉందా? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకులో తీసుకున్న అప్పు మీద వడ్డీ కడుతుంటే, ఏడాదికి 2,500 డాలర్ల దాకా ఆ వడ్డీని 1040-ఎన్ఆర్‌లో కూడా ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. అప్పు ఇచ్చింది అమెరికా బ్యాంకే అయ్యుండాలని చట్టంలో లేదు. అప్పు చట్టపరంగా మీ పేరు మీద ఉండాలి, చదువు ఖర్చులకే తీసుకున్నదై ఉండాలి, బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు పనికిరాదు. నాన్నగారు ఒక్కరి పేరు మీదే ఉంటే మీకు రాదు. మన బ్యాంకులు 1098-ఈ (అమెరికా బ్యాంకులు ఇచ్చే వడ్డీ పత్రం) ఇవ్వవు కాబట్టి వడ్డీ సర్టిఫికెట్ అడిగి తెప్పించి దాచుకోండి. పెళ్లయి విడిగా ఫైల్ చేసేవాళ్లకు ఈ తగ్గింపు లేదు. అసలు మొత్తం కాదు, కట్టిన వడ్డీ మాత్రమే లెక్క.

ఇంటి నుంచి వచ్చిన ఫీజు డబ్బు ఆదాయం కాదు, 1040-ఎన్ఆర్‌లో చూపక్కర్లేదు. ఇండియా బ్యాంకు వడ్డీ కూడా ప్రస్తుతానికి ఇక్కడ అక్కర్లేదు.

స్టైపెండ్, స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. ట్యూషన్‌కు పోయిన భాగానికి సాధారణంగా పన్ను పడదు. తిండికి, అద్దెకు ఇచ్చిన భాగానికి పడుతుంది, అది 1042-ఎస్ అనే పత్రం మీద వస్తుంది. డబ్ల్యూ-2 జనవరి చివరికి వస్తే 1042-ఎస్ గడువు మార్చి మధ్య దాకా ఉంటుంది. అది రాకముందే ఫిబ్రవరిలో తొందరపడి ఫైల్ చేస్తే మళ్లీ సవరణ తప్పదు.

స్టేట్ పన్ను టెక్సాస్‌లో జీతం మీద లేదు కాబట్టి మీకు ఆ పని తప్పింది. ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ కూడా అంతే. ఇతర చోట్ల ఎవరి నియమాలు వాళ్లవి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు ఫెడరల్ ఒప్పందాలను గుర్తించవు. ఏడాది మధ్యలో రాష్ట్రం మారినవాళ్లు రెండు చోట్లా వేయాల్సి రావచ్చు.

క్యాంపస్ బయట అనుమతి లేకుండా చేతికి నగదు తీసుకుని పనిచేసినవాళ్లు, ఫుడ్ డెలివరీ యాప్‌లో వేరే వాళ్ల పేరు మీద తిరిగినవాళ్లు కూడా మా దగ్గరికి వస్తారు. పరిస్థితి ఏమిటో నాకు తెలుసు, ఆగస్టులో దిగిన దగ్గర నుంచి ఈఎంఐ లెక్కలు తల మీదే ఉంటాయి. కానీ పన్ను కట్టినంత మాత్రాన అనుమతి లేని పని సక్రమమైపోదు. పన్ను ఎగ్గొట్టినా ఆ పని దాగదు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల పరిమితి ఉంది, క్యాంపస్ బయట పని సాధారణంగా సీపీటీ, ఓపీటీ ద్వారానే. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఫారం నింపే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. టాక్స్ ప్రిపేరర్ దగ్గర దీనికి జవాబు ఉండదు.

ప్రిపేరర్ల గురించి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన వాట్సాప్ గ్రూపుల నిండా ఎక్కువ రిఫండ్ ఇప్పిస్తామన్న సందేశాలే. డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసే వ్యక్తికి ఐఆర్ఎస్ ఇచ్చే పీటిన్ నంబరు ఉండాలి, రిటర్న్ మీద తన పేరు పెట్టి సంతకం చేయాలి. సంతకం చేయను, నువ్వే ఫైల్ చేసినట్టు పెడతాను అంటే లేచి వచ్చేయండి. రిఫండ్‌లో శాతం అడిగినా, రిఫండ్ తన ఖాతాలో వేయించుకుంటానన్నా అదే సమాధానం. మీకైతే ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన అవసరం లేదు. చాలా యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులు స్ప్రింటాక్స్ గానీ గ్లేసియర్ గానీ సాఫ్ట్‌వేర్‌ను ఉచిత కోడ్‌తో ఇస్తాయి, ఆ రెండూ నాన్‌రెసిడెంట్ల కోసమే తయారైనవి. కొన్ని క్యాంపస్‌లలో వీటా (ఐఆర్ఎస్ ఉచిత టాక్స్ సహాయ పథకం) వాలంటీర్లు కూర్చుంటారు. వెళ్లే ముందు విదేశీ విద్యార్థుల రిటర్నులు చేసే శిక్షణ ఉన్నవాళ్లున్నారా అని ఫోను చేసి కనుక్కోండి. ఐఆర్ఎస్ నుంచి అంటూ ఫోను చేసి గిఫ్ట్ కార్డులు అడిగేవాళ్లు దొంగలు. ఐఆర్ఎస్ సాధారణంగా ముందు ఉత్తరం పంపుతుంది, గిఫ్ట్ కార్డులతో కట్టమని ఎప్పుడూ అడగదు.

హెచ్-1బీ ఉద్యోగ వీసా వస్తే ఏమవుతుందని చివర్లో అడిగారు. 2026 అక్టోబరు 1న మారారనుకోండి. అప్పటి నుంచి ఏడాది చివరికి 92 రోజులే, 183కు చాలవు. కాబట్టి 2026 మొత్తానికీ మీరు నాన్‌రెసిడెంటే, మళ్లీ 1040-ఎన్ఆర్ వేయాలి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మాత్రం హెచ్-1బీ మొదలైన రోజు నుంచే న్యాయంగా మొదలవుతుంది, దాన్ని వెనక్కి అడగకండి. 2027లో ఏడాదంతా ఇక్కడుంటే రెసిడెంట్ అవుతారు. హెచ్-1బీ రాకుండా స్టెమ్ పొడిగింపులోనే ఉంటే 2028 జనవరి నుంచి మీరు రెసిడెంట్. వీసా మారకపోయినా అప్పటి నుంచి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మొదలవుతుంది. రెసిడెంట్ అయ్యాక ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ సహా ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. అమ్మానాన్నలతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా కూడా ఈ లెక్కలోకి వస్తుంది. చాలామంది దాన్ని మరచిపోతారు.

ఇక మీ రూమ్మేట్. అతను కావాలని చేసి ఉండడు, సాఫ్ట్‌వేర్ అడిగింది, నొక్కాడు. రిఫండ్ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు సవరణ వేయవచ్చు. ఫారం 1040-ఎక్స్ మీద నాన్‌రెసిడెంట్‌ను, పొరపాటున 1040 వేశాను అని కారణం రాసి, దాని వెనుక సరిగా నింపిన 1040-ఎన్ఆర్, 8843 పెట్టి పంపాలి. స్టాండర్డ్ డిడక్షన్ అతనికి ఎలాగూ ఒప్పందం కింద నిలుస్తుంది కాబట్టి ప్రధానంగా తిరిగి ఇవ్వాల్సింది ఆ చదువు క్రెడిటే. అందులో కొంత పన్నులోంచి తగ్గి ఉండవచ్చు, ఆ వరుస కూడా చూసుకోమనండి. ఏప్రిల్ 15 లోపు సవరణ వేసి డబ్బు కట్టేస్తే జరిమానా, వడ్డీ బాధ ఉండదు. అతన్ని కూడా మీతోపాటు ఇంటర్నేషనల్ ఆఫీసుకు తీసుకెళ్లండి. ఇద్దరూ పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 ప్రయాణ వివరాలు, అన్ని డబ్ల్యూ-2లు, అతను వేసిన 1040 కాపీ దగ్గర పెట్టుకోండి.